జబ్బుకు ముందు లాటిన్ మూలం

మా బావ నిఘంటువుల ఆఫీసులో పనిచేస్తాడు. ఇంగ్లీషు మాటలు ఎక్కడ పుట్టాయో రాయడం ఆయన ఉద్యోగం. ఆ పని ఆఫీసులో చేసి ఊరుకుంటే మాకు ఏ గొడవా ఉండేది కాదు. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా ముందు జబ్బు పేరుకు పుట్టుక చెబుతాడు, తర్వాతే మాత్ర ఇస్తాడు. అదీ మా అక్క గుర్తుచేస్తేనే.

అక్క బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతుంది. గొంతు ఉంటేనే ఆవిడకు ఉద్యోగం. ఆ గొంతు బిగుసుకుపోతోందని, ముద్ద దిగడం లేదని, భయంగా ఉందని ఒకరోజు బావతో చెప్పుకుంది.

బావ మొహం వెలిగిపోయింది. దీన్నే యాంగ్జైటీ అంటారట. లాటిన్‌లో ఆ మాట మూలానికి నులమడం, పీక నొక్కడం అని అర్థమట.

"చూశావా, నీ జబ్బు ఆ మాటలోనే ఉంది. ఇది గొంతుది కాదు, మనసుది" అని తేల్చేశాడు.

పాపం డాక్టర్లు, అన్నేళ్లు చదివే బదులు ఓ నిఘంటువు కొనుక్కుంటే సరిపోయేది!

ఇక ఇంటికొచ్చిన చుట్టాలందరికీ అక్కను పక్కన నిలబెట్టి మరీ యాంగ్జైటీ పాఠం. వాళ్లూ బుద్ధిగా తలలూపేవారు. మైకులో అక్క గొంతు సగం మాటలో ఆగిపోతోందని బస్టాండు నుంచి ఆవిడ స్నేహితురాలు ఫోన్ చేసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. బావను అడగకుండానే అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లాను.

గొంతులో గడ్డ. ఊపిరి గొట్టాన్ని నొక్కుతోంది. ఆపరేషన్ చేయాలి, తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నాడు డాక్టరు. ఇది ఎప్పటి నుంచని ఆయన అడిగితే, కబురందుకుని ఆదరాబాదరాగా వచ్చిన బావ అక్క వైపు చెయ్యి చూపించాడు.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట బల్ల మీద కూర్చున్నాం. ఆయన్ని కడిగిపారేద్దామని నోటినిండా తిట్లు సిద్ధం చేసుకున్నాను.

"భయంగా ఉందిరా" అన్నాడు.

అంతే. దానికి పుట్టుకా చెప్పలేదు, మూలమూ చెప్పలేదు. నా తిట్లు నాలోనే ఉండిపోయాయి.

మర్నాడు అక్కకు మాట వచ్చింది. బొంగురుగానే అయినా వచ్చింది. బావను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"భయపడ్డారా?"

ఆయన తలూపాడు.

"నేను రెండు నెలలుగా భయపడుతూనే ఉన్నాను" అంది అక్క. "మీకు చెప్పాను కూడా."