ఆకు మీద గుడ్డ

జగిత్యాలలో ఆ ప్రదర్శన పెట్టిన హాలును మొన్నటిదాకా పెళ్ళిళ్ళకు కిరాయికి ఇచ్చేవారు. వేదిక మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే చోట ఇప్పుడొక చాప, చాప మీద భాగ్య, ఆమె ఒళ్ళో చాట. చాటలో ఒక పక్క తునికాకు, ఒక పక్క దారం, తంబాకు ఉండాల్సిన చోట రంపపు పొట్టు. గ్రాంటు ఇచ్చిన ఢిల్లీ ఫౌండేషన్‌కు ఒక నియమం ఉంది: వాళ్ళ డబ్బుతో జరిగే చోట పొగాకు కనిపించకూడదు. ఆ డబ్బు ఇచ్చింది బీడీ కార్మికుల బతుకుల మీద ప్రదర్శనకే అయినా సరే. అందుకని పెళ్ళయి కోరుట్లకు వచ్చిన నాటి నుంచీ బీడీలు చేస్తున్న భాగ్య, జగిత్యాల వచ్చి పొట్టు బీడీలు చుడుతోంది. పొట్టు తంబాకులా అణగదు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. రాలితే అడిగేవాడూ లేడు. కార్ఖానాలో లాగా సరిగా లేని బీడీలు ఏరి పారేసే చెకర్‌ను ఇక్కడ పెట్టలేదు.

ఆమె వచ్చింది అక్క గొంతు వినడానికి.

అక్క రాజవ్వ ఉండేది సిరిసిల్లలో. అక్కడ మగవాళ్ళవి సాంచాలు, ఆడవాళ్ళవి బీడీలు. కరెంటు మగ్గాలను సాంచాలంటారు. వాటి మోత పక్కన మాట్లాడాలంటే గొంతు పెంచాలి, రాజవ్వ గొంతు మాత్రం పెంచకుండానే గోడ దాటేది. కట్టలు విప్పి బీడీలు ఏరేస్తున్న చెకర్‌ను "నీ పెండ్లాం వండిన బువ్వ గూడ గిట్లనే ఏరుతవా బిడ్డా" అని నలుగురిలో అడిగిన మనిషి. పోయిన వానకాలం జ్వరం వచ్చింది, కరీంనగర్ ఆసుపత్రి చేరేలోపే పోయింది. ఆమెది బటన్ల ఫోను, అందులో ఏ గొంతూ నిలవదు. లోకంలో రాజవ్వ గొంతు మిగిలింది ఈ ప్రాజెక్టు వాళ్ళ దగ్గరే.

భాగ్యకు ఏడుపు రాలేదు. దినాలు అయిన మర్నాడే చాట ముందేసుకుంది. మనసు రాయి అని వాడకట్టులో అనుకున్నారు. అనుకోనీ అనుకుంది. చేతులు నడుస్తున్నాయి, అన్నం దిగుతోంది, నిద్ర పడుతోంది. లోపల ఎవరో ఇల్లు ఖాళీ చేసి తాళం వేసిపోయినట్టు ఉంది, అంతే.

అక్క గొంతు రికార్డింగు చేసిన నాడు భాగ్య సిరిసిల్లలో ఆమె ఇంట్లోనే ఉంది, ఎల్లమ్మ పండుగకని పోయి. స్వర్ణలత మైకు పట్టుకుని వచ్చింది. జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెబుతుంది, ఈ గ్రాంటుకు కోఆర్డినేటరు. మోత ఉండకూడదని సాంచాలు బందున్న రోజు చూసుకుని వచ్చింది. ఇంటికి మనిషి వస్తే ఒళ్ళో చాట తీసి పక్కన పెట్టడం బీడీలు చేసే ఇళ్ళల్లో మర్యాద. తీయకపోతే వచ్చినవాళ్ళను లెక్కచేయనట్టు. రాజవ్వ వియ్యంకుల ముందు కూడా తీసేది కాదు, తీస్తే నోరు పెగలదనేది. ఆ రోజు భాగ్యే అక్క ఒళ్ళోంచి చాట లాగి గోడ పక్కన పెట్టింది. స్వర్ణలతకూ అదే కావాలి, ఆకు కోసే కత్తెర చప్పుడు మైకులో పడుతోందట. చేతులు ఖాళీ అయిన రాజవ్వ, బస్టాండులో సామాన్లు పోగొట్టుకున్న మనిషిలా కూర్చుంది.

ఇప్పుడు హాలులో ఆమెది నిలువెత్తు ఫోటో. పైన "మౌన శ్రామికులు" అని పెద్ద అక్షరాలు, కింద ఆమె మాట: "కష్టమే. ఏం జేస్తం." రాజవ్వను మౌనమన్నవాళ్ళు సిరిసిల్లలో ఇంతవరకు ఎవరూ లేరు. ఆ పనికి ఢిల్లీ డబ్బు కావాల్సి వచ్చింది.

పొద్దున్నే భాగ్య హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నది. మొదట వేణువు, తర్వాత అక్క: కష్టమే, ఏం జేస్తం. మళ్ళీ వేణువు. గొంతు అక్కదే, మనిషే లేదు. ఇంకోసారి విన్నది. ఇంకోసారీ అంతే.

మిగతాది ఏదని స్వర్ణలతను అడిగింది. మిగతాదంతా పనికిరాని చప్పుడని తీసేశారట. అసలు ఫైలు లాప్‌టాప్‌లో ఉంది కానీ, ఇవాళ ఢిల్లీ నుంచి సారు వస్తున్నాడు, రెండో ఏడు గ్రాంటు ఆయన చేతిలో ఉంది, ఆయన పోయాక తప్పకుండా వినిపిస్తానన్నది.

"మల్ల మర్సిపోతరు మేడం."

"మర్సిపోను భాగ్యక్కా. సారొచ్చినప్పుడు జర నవ్వుకుంట ఉండుండ్రి."

సారు వచ్చాడు. మెత్తటి మనిషి. భాగ్య చుట్టిన బీడీ ఒకటి తీసుకుని వాసన చూశాడు, చెక్క వాసన వచ్చేసరికి తృప్తిగా తల ఊపాడు. మీ కథను ఇంతమంది వింటుంటే గౌరవంగా అనిపిస్తోందా అని హిందీలో అడిగాడు. ఇంతమంది అంటే స్వర్ణలత రాయికల్ నుంచి బస్సులో తెప్పించిన బడిపిల్లలు.

"మంచిగనే ఉంది సార్" అన్నది భాగ్య.

స్వర్ణలత దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆ ఇంగ్లీషు చాలాసేపు సాగింది.

పోయేముందు సారు, వచ్చే ఏడు ఫౌండేషన్ దృష్టి నదుల మీద ఉంటుందని చెప్పి, గోదావరి ఇక్కడికి ఎంత దూరమని అడిగాడు. ధర్మపురి పక్కనే సార్ అన్నది స్వర్ణలత, ఏమాత్రం తడుముకోకుండా. బీడీల కథ అక్కడితో అయిపోయింది. ఆమెను అనడానికి ఏం లేదు. కాలేజీ జీతం ఎప్పుడొస్తుందో కాలేజీకే తెలియదు.

కారు వెళ్ళాక, కుర్రాళ్ళు బ్యానర్లు దించుతుండగా, ఆమె మాట నిలబెట్టుకుంది. లాప్‌టాప్ తెచ్చి వేదిక అంచున పెట్టింది.

మొదట వినిపించింది భాగ్య గొంతే. స్వర్ణలత ప్రశ్న, భాగ్య జవాబు. ఇంకో ప్రశ్న, ఇంకో జవాబు. అడిగేది అక్కను, చెప్పేది చెల్లె. మర్యాదగా, టీవీలో మాట్లాడేవాళ్ళలా ఉన్న ఆ గొంతు తనదేనా అనిపించింది. కష్టంగా ఉంటుందా అని స్వర్ణలత తిప్పి తిప్పి అడిగాక, అక్క ఆ రెండు ముక్కలు అన్నది. ఆ తర్వాత మైకుకు దూరంగా, గబుక్కున, గోడ దాటే ఆ పాత గొంతు:

"ఓ పిల్లా, ఆకు ఎండుతుందే. గుడ్డన్న కప్పు."

వెంటనే భాగ్య, గుసగుసగా:

"ఊకో అక్కా, రికార్డయితుంది."

ఫైలు ఇంకా చాలాసేపు నడిచింది. రాజవ్వ మళ్ళీ మాట్లాడలేదు.

స్వర్ణలత లాప్‌టాప్ మూయబోయి ఆగింది. కావాలంటే ఫోనుకు పంపుతానన్నది.

"గా ఆకు మాట ఒక్కటి పంపుండ్రి మేడం."

"మీరన్నది కోసేసి పంపాల్నా అక్కా?"

భాగ్య చాట వైపు చూసింది.

"ఉండనియ్యుండ్రి" అన్నది.

పొద్దటి నుంచి ఫ్యాను కింద ఉన్న ఆకు ఎండి అంచులు ముడుచుకున్నాయి. పొట్టు బీడీలకు తడిగుడ్డ ఎందుకని ఎవరూ తేలేదు, ఆమె కూడా తెచ్చుకోలేదు. సీసాలో మిగిలిన నీళ్ళతో చేతిగుడ్డ తడిపి, పిండి, ఆకు మీద పరిచి అంచులు లోపలికి దోపింది. ప్రదర్శన అయిపోయింది, ఆ ఆకుతో రేపు ఎవరికీ పని లేదు. చాటను వేదిక మీదే వదిలి, పొట్టు దులుపుకుని, కోరుట్ల బస్సుకు నడిచింది.