ఇంజనుకు ఆముదం

ఆముదం చలవ. నెత్తికి చలవ, కళ్ళకు చలవ, అరికాళ్ళకు చలవ. ఒప్పుకుంటాను. ఇంజనుకు కూడా చలవేనని కనిపెట్టిన మొనగాడు మాత్రం మా అయ్యగారొక్కడే. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నా ఒళ్ళు మండిపోతుంది.

అప్పుడు నేను కోవూరు పక్కన ఒక రైసు మిల్లు ఆసామి దగ్గర కారు డ్రైవర్ని. యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీలు తోలినవాణ్ణి. మద్రాసులో ఎవరో దొర దేశం వదిలి పోతూ అమ్ముకుంటుంటే, మా అయ్యగారు ఆయన పెద్ద అమెరికా కారు కొన్నాడు. ఎనిమిది సిలిండర్లు, మెత్తటి తోలు సీట్లు. చుట్టుపక్కల అట్లాంటి బండి ఇంకోటి లేదు. చెట్టు లేని ఊళ్ళో ఆముదం చెట్టే మహావృక్షం గదా, ఆ కారు వచ్చినాక ఆయన మాటకు ఎదురు లేకుండా పోయింది.

మొదటి రోజే ఆయిలు దగ్గర తగువు. మిల్లు ఇంజనుకు పోసే పీపాలోదే దీనికీ పొయ్యమన్నాడు.

"ఇంజనంటే ఇంజనే గదరా! మిల్లు తిరగడంలా?"

ముప్పై ఐదేళ్ళవాణ్ణి, ఇద్దరు బిడ్డల తండ్రిని, నన్ను 'రా' అంటాడు. అదట్లా ఉంచండి.

"అయ్యా, మిల్లు ఇంజను నింపాదిగా తిరిగేది. ఇది పరిగెత్తేది. దీని లోపల ఆయిలు పోయే దారులు సన్నం. చిక్కటిది పోస్తే దూరదు. మరీ పల్చటిది పోస్తే మన ఎండకు నీళ్ళయిపోతుంది" అని, బండితో వచ్చిన పుస్తకం తెరిచి చూపించినాను. చలిదేశానికి ఒక నంబరు, ఎండదేశానికి ఒక నంబరు రాసుంది. మిలిటరీలో నేర్చుకున్న ముక్కల ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివి, మనకు నలభై నంబరని తేల్చుకుని, నెల్లూరు పోయి సీలు తియ్యని డబ్బాలు తెచ్చి నా చేత్తో పోసినాను. రెండేళ్ళు ఆ ఇంజను కిక్కురుమనలేదు.

డ్రైవరుకు పొలముందా, పుట్రుందా? పేరొక్కటే. నెల్లూరులో మా డ్రైవర్లందరం చేరే రిపేరు షెడ్డు ఒకటుండేది. మనిషి కావాల్సిన ఆసాములు అక్కడికే వచ్చి అడిగేవాళ్ళు. ఫలానావాడి చేతికి బండిస్తే బెంగ లేదని అక్కడి మేస్త్రీ ఒక్క మాటంటే పని దొరికినట్టే. నా గురించి ఆయన అట్లా అనేవాడు. నాకున్న ఆస్తి అదే.

మూడో ఏడు రోహిణి కార్తెలో రేడియేటరు మరగడం మొదలుపెట్టింది. లోపల మట్టి పేరుకుంది, రెండు రోజులు షెడ్డులో పెడితే కడిగిస్తానన్నాను. రెండు రోజులు కారు లేకుండా ఆయన పరువేం కావాలి?

"వేడి చేసిందిరా దానికి. ఇంజనాయిల్లో శేరు ఆముదం పొయ్యి, చలవ చేస్తుంది" అన్నాడు.

వసారాలో కూర్చున్న వాళ్ళమ్మ తానా అంటే తందానా అన్నది. "నా బిడ్డలు ఆరుగుర్నీ ఆముదంతోనే పెంచినా. ఒక్కడికన్నా వేడి చేసిందా?"

దీనికేం చెప్తారు? నవ్వాలా, ఏడవాలా? "నేను పొయ్యనయ్యా. ఆ ఆయిలూ ఇదీ కలవవు, కాలి మడ్డి కడతాయి" అని తెగేసి చెప్పినాను. కాదన్నవాణ్ణి అంతవరకు చూసి ఎరగడు గదా, అయ్యగారు విసురుగా లోపలికి పోయినాడు.

ఆదివారం నాకు సెలవు. చర్చికి పోయి, ఆ పూట ఇంట్లోనే ఉండిపోయినాను. సోమవారం తెల్లారి మద్రాసు ప్రయాణం. ఎప్పట్లాగే ఆయిలు చూసే కడ్డీ పైకి తీసినాను. గీత దాటి బెత్తెడు పైకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం కంపు! మిల్లులో పనిచేసే ముసలాయన చేత గరాటా పట్టించి, అయ్యగారే దగ్గరుండి పోసినాడంట.

"అయ్యా, ఇదంతా దించేసి కొత్తది పొయ్యాల. ఒక గంట."

"బండి నాది, ఆయిలు నాది. నీకేందిరా నొప్పి? స్టీరింగు పట్టుకోవడమే నీ పని. ఎక్కు."

ఎక్కినాను. తాళంచెవి ఆయన ముందర పడేసి ఇంటికి పోవాల్సినవాణ్ణి, నోరు మూసుకుని ఎక్కినాను.

నాయుడుపేట దాటినాక ఆయిలు ఒత్తిడి చూపించే ముల్లు కిందికి జారింది. ఆపినాను. తోలమన్నాడు. ఇంకో అయిదు మైళ్ళు పోనిచ్చి మళ్ళీ ఆపినాను. తిట్టినాడు. సూళ్లూరుపేట కనబడతుండగా లోపల సుత్తితో కొట్టినట్టు నాలుగు దెబ్బలు వినబడినాయి. అంతే, ఇంజను బిగుసుకుపోయింది. అంత అమెరికా కారునూ ఎద్దులు కట్టి ఊళ్ళోకి ఈడ్చినారు. జనం అంగళ్ళలోంచి బయటికొచ్చి నవ్వినారు. ఆ నవ్వే మా అయ్యగారికి గుచ్చుకుంది.

మూడో రోజు నెల్లూరు షెడ్డులో మేస్త్రీ ఇంజను కింద తొట్టి విప్పినాడు. లోపల నల్లటి బంక, చేత్తో తీస్తే సాగింది. వాసన చూసి మేస్త్రీ నా వైపు తిరిగినాడు. "ఇదెవరి పని అన్నా?"

నేను నోరు తెరిచే లోపల అయ్యగారు అందుకున్నాడు. "ఎవరిదేంది, వీడిదే! చర్చికి పోయే తొందరలో ఏ డబ్బా దొరికితే అది పోసినాడు, వెధవ!"

పదిమంది డ్రైవర్లు నిలబడుండారు. "నేను కాదు, ఆయనే పోసినాడు" అని అరిచినాను. గరాటా పట్టిన ముసలాయన అయ్యగారి వెంట వచ్చి అక్కడే ఉన్నాడు. ఆయన్ని చూసినాను. ఆయన నేల చూసినాడు. ఆసామి మాట ముందర డ్రైవరు మాట నిలబడుతుందా? మేస్త్రీ కూడా మళ్ళీ కారు కిందికి దూరినాడు. ఆయనకూ ఆసాములే కావాల గదా!

ఆ రోజే నన్ను తీసేసినాడు. వారం తిరక్కముందే నా పేరు 'ఆముదం డ్రైవరు' అయింది. పని కోసం ఎవరి గడప తొక్కినా, "నువ్వేనా ఆ ఆముదం పోసినోడివి?" అనేవాళ్ళు. తొమ్మిది నెలలు. లారీ కూడా ఎవడూ ఇవ్వలేదు. కూలికి పోయి వడ్లబస్తాలు మోసినాను.

అప్పుడు కబురొచ్చింది. కారు బాగై వచ్చిందంట. కొత్త డ్రైవరు రెండు సార్లు గుద్దినాడంట. అయ్యగారు నన్ను క్షమించినాడంట! వచ్చి పదిమందిలో తప్పు ఒప్పుకుంటే మళ్ళీ పెట్టుకుంటాడంట. క్షమించినాడు! కబురు తెచ్చినవాణ్ణి కొట్టబోయినాను.

నా భార్య అడ్డమొచ్చింది. "ఒక్క మాటే గదా, అనేసి రా. బిడ్డలు రెండు పూటలా గంజే తాగతా ఉండారు."

పోయినాను. మిల్లు ముందర జనమంతా ఉండగా చేతులు కట్టుకుని, "తప్పయిపోయిందయ్యా, నేనే పోసినాను" అన్నాను. ఆయన లేచొచ్చి నా భుజం తట్టినాడు. నిజంగా క్షమించినవాడి మొహమే పెట్టినాడు. తొమ్మిది నెలల్లో తన అబద్ధం తనే నమ్మేసినాడేమో, నాకిప్పటికీ తెలియదు.

తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఆయిలు మార్చే రోజులొచ్చినాయి. ఏది పోద్దామో నువ్వే చెప్పరా" అన్నాడు.

నలభై నంబరు అని నాలుక చివరిదాకా వచ్చింది.

"తమరి ఇష్టమయ్యా" అన్నాను.