అంచు మీది పంటి గాట్లు

ప్రతి ఉదయం పనిలో కూర్చునేముందు ఆ వెండిపనాయన కళ్లు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, ఒక పాత చెంచాను బొటనవేలితో తడిమేవాడు. దాని కాడ మీద వాళ్ల నాన్న సుత్తి దెబ్బలు వేలికి తగిలితే, ‘ఇవాళ్టికి పని చెయ్యొచ్చు’ అనుకునేవాడు. చూపు మందగించాక ఆయనకు వేళ్లే కళ్లు.

ఆ రోజూ వేళ్లు మోసం చెయ్యలేదు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

పక్క వీధి టైలరమ్మ తెచ్చిన వెండి గ్లాసుకు అడుగున పడ్డ చిల్లి పూడ్చి, నీళ్లు పోసి, కారడం లేదని చూసుకున్నాడు. అంచు తడిమితే సొట్టలు తగిలాయి. రేకును సుత్తితో సాగదీసి, ఎక్కడా అతుకు లేకుండా మలిచిన పాతకాలపు గ్లాసు అది. అలాంటిదాన్ని సొట్టలతో పంపడానికి మనసొప్పలేదు. కొయ్య దిమ్మకు తొడిగి, చిన్న సుత్తితో సుతారంగా తట్టి సాపు చేశాడు.

కోడలు టీ తెచ్చి, గ్లాసు చూసి నిలబడిపోయింది.

“అంచు జోలికి వెళ్లొద్దని చెప్పాను కదా మామయ్యా. ఊఁ కూడా కొట్టారు.”

“సుత్తి చప్పుడులో దేనికైనా ఊఁ కొడతాను. ఏముందమ్మా అక్కడ?”

“ఆవిడ తమ్ముడి పంటి గాట్లు. పాలు తాగనని కొరికేవాడట. మూడో ఏటే పోయాడు. వాళ్లింట్లో వెండి అంటే ఇదొక్కటేనట, చుట్టాలొస్తే కనబడేలా ముందు పెట్టేవారట. ఇప్పుడా గాట్ల కోసమే దాచుకుంది. మధ్యాహ్నం వస్తానంది.”

ఆయన చేతిలో టీ చల్లారిపోయింది.

“ఉలితో నాలుగు నొక్కులు పెట్టేయండి,” కోడలు గొంతు తగ్గించింది. “ఎవరికి తెలుస్తుంది?”

ఆయన ఉలి తీశాడు. మొన అంచుకు ఆనించాడు కూడా. చాలాసేపటికి పక్కన పెట్టేశాడు.

“రోజూ తడిమే వేలమ్మా ఆవిడది. మా నాన్న చెంచా మార్చేస్తే నాకు తెలియదూ?”

టైలరమ్మ రాగానే దాచకుండా చెప్పాడు. ఆవిడ కూర్చుని అంచు చుట్టూ వేలు తిప్పింది. మళ్లీ తిప్పింది.

“ఇక్కడుండేవి,” అంది.

కోడలు మంచినీళ్లిచ్చి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

“బాగుచేద్దామనే చేశారు లెండి,” అంటూ చివరికి ఆవిడే ఆయన్ని ఓదార్చింది. తిట్టినా అంత కష్టంగా ఉండేది కాదు. గ్లాసు సంచిలో పెట్టుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్లింది.

ఆ పూట ఆయన మళ్లీ సుత్తి పట్టలేదు.

“అమ్మాయ్, ఒక్క సాయం చేసిపెట్టు,” అన్నాడు కోడలితో. “ఇకమీదట ఏ వస్తువైనా నాకిచ్చేముందు, ముట్టుకోకూడని చోట గుడ్డ చుట్టి గట్టిగా కట్టు. చెప్పిన మాట చెవిలో నిలవడం లేదు. గుడ్డయితే వేలికి తగులుతుంది.”