పాటకు వెలిగిన ఎర్ర దీపం

ఆ రోజుల్లో కిరాయి కారు మర్యాద పాటను బట్టి ఉండేది. సీటు చిరిగినా, అద్దం కిందికి దిగకపోయినా జనం సర్దుకునేవారు గానీ, పాట లేని కారులో పెళ్లికి దిగడమంటే నామోషీగా భావించేవారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. ఖమ్మంలో మా మేనమామకు ఒక పాత తెల్ల డీజిల్ కారు ఉండేది. ఆయన ఇల్లు గడిచేది దాని మీదే. కిరాయి మాట్లాడడానికి వచ్చినవాళ్లు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "పాటలున్నయా" అని అడిగేవారు. లేవని చెప్పలేక మామ వాతావరణం గురించి మాట్లాడేవాడు. నేను అప్పుడే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు ముగించి, ఇరవై ఏళ్ల వయసులో, చొక్కా జేబులో పెన్నుకు బదులు టెస్టర్ పెట్టుకుని తిరుగుతున్నాను. (పెళ్లిళ్లకు కూడా అలాగే వెళ్లేవాణ్ణి. కరెంటు పోతే ఎవరైనా పిలుస్తారని ఆశ. ఎవరూ పిలవలేదు.)

ఎవరో తమ కారులోంచి తీసేసిన రేడియో ఒకటి మామ చేతికి వచ్చింది. దాన్ని షాపులో బిగించుకుని ఉంటే ఈ కథే లేదు. "ఇంట్ల ఐటీఐ చదివినోణ్ని పెట్టుకొని బయటోని దగ్గరికి పోతె నలుగురు నవ్వరా" అన్నాడు మామ. నాకు కూడా అది న్యాయంగానే తోచింది. నాకు వచ్చిన విద్య ఇళ్ల వైరింగు: రెండు వైర్లు, ఒక స్విచ్చు, ఒక ఫ్యాను. డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి చూస్తే అన్ని రంగుల వైర్లూ సేమియా ముద్దలా కనబడ్డాయి. నా టెస్టర్ దేనికీ వెలగలేదు. (కారులో ఉండే పన్నెండు వోల్టులకు ఆ టెస్టర్ వెలగదన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. మామకు ఇప్పటికీ తెలియదు.) చివరికి ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఒక్కో వైరునూ కొంచెం గీరి, రేడియో వైరును తాకించుకుంటూ పోయాను. ఒకచోట రేడియో ముఖం వెలిగింది. ఆ వైరు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అని విచారించే అలవాటు నాకు అప్పటికి లేదు. అక్కడే మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, చేతులు దులుపుకున్నాను.

రేడియో పాడింది గానీ దుప్పటి కప్పుకుని పాడినట్టు పాడింది. "గింత సన్నగ వస్తాందేంది అల్లుడా" అన్నాడు మామ. "రేడియో స్టేషన్ దూరం గద మామా, కొత్తగూడెం దాటితె గట్టిగ వస్తది" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానంటే, నేనే నమ్మాను. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమనడం నేను చూశాను. కారన్నాక ఏవో దీపాలు వెలుగుతుంటాయి అనుకున్నాను. పక్క సీటులో కూర్చున్న మామ దాన్ని చూడలేదు. సాయంత్రానికల్లా మా వాడకట్టంతా తిరిగి, "మా అల్లుడే పెట్టిండు, పైస ఖర్చు లేదు" అని చెప్పి వచ్చాడు.

మర్నాడు మా అక్కకు భద్రాచలంలో కౌన్సెలింగ్. ఆమెకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. పదకొండు గంటలకు నంబర్ల వారీగా పిలుస్తారు, పిలిచినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లు తమకు కావలసిన స్కూలు కోరుకోవచ్చు. లేనివాళ్లకు అందరూ కోరుకోగా మిగిలింది ఇస్తారు. మిగిలేవి అడవి లోపలి ఊళ్లు, వానాకాలం వాగు పొంగితే వారం రోజులు బయటికి రాలేనివి. అక్క అత్తగారిల్లు గోదావరికి ఇవతల బూర్గంపాడులో. రెండేళ్ల పాప ఉంది. బూర్గంపాడు స్కూలు దొరికితే పాపను విడిచి ఉండనక్కర్లేదు, దొరక్కపోతే విడవాలి. సర్టిఫికెట్ల కోసం పాపను అత్తగారింట్లో ఉంచి పుట్టింటికి వచ్చిన అక్కను మామే పొద్దున్నే కారులో ఎక్కించుకున్నాడు. "ఏమన్న ఐతె మనోడు ఉంటడు" అని నన్ను కూడా ఎక్కించాడు.

కొత్తగూడెం దాటాక మామ రేడియో పెట్టాడు. పాట సన్నగానే వచ్చింది. స్టేషన్ దగ్గరికొచ్చినా ఎందుకు పెరగలేదని మామ అడగలేదు, నేను చెప్పలేదు. పాల్వంచ కూడా దాటి, రెండు వైపులా అడవి మొదలయ్యాక మామ గబుక్కున బ్రేకు వేశాడు. "గదేంది" అన్నాడు. డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. ఇంజిన్‌కు ఆయిల్ అందకపోతే వెలిగే దీపం అది. వెలిగాక కూడా బండి నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. మామ స్నేహితుడొకడు అలాగే నడిపి ఇంజిన్ పోగొట్టుకుని, తర్వాత ఇంకొకరి దగ్గర డ్రైవరుగా చేరాడు. మామ కిందికి దిగి ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాడు. నిండుగా ఉంది. తుడిచి మళ్లీ చూశాడు. మళ్లీ నిండుగానే ఉంది. ఇంజిన్ చల్లబడాలని పావుగంట ఆగి, మెల్లగా బయల్దేరాడు. దీపం కొంచెం మందగించినట్టు కనబడింది.

అక్క ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. బిడ్డ భయపడుతోందని మామ పాట పెంచాడు. ఏదో డప్పుల పాట. పెంచగానే దీపం ఇంకా ఎర్రబడింది. నేను వెనక సీటులోంచి ముందుకు వంగి చూశాను. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా దీపం భగ్గుమంటోంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య మందగిస్తోంది. ఆయిల్ దీపానికి పోయే వైరుకే నేను రేడియో తగిలించాను. రేడియో తాగే కరెంటంతా ఆ దీపం గుండా పోతోంది. ఐటీఐలో రెండేళ్లు నేర్చుకోనిది ఒక్క డప్పు పాట నేర్పింది.

వెంటనే చెప్పి ఉండాల్సింది. వాడకట్టంతా తిరిగి చెప్పిన మామ ముఖం కళ్లముందు కదిలింది. మామే రేడియో ఆపేస్తాడు, దీపం ఆరిపోతుంది, ఎవరికీ తెలియకుండా అంతా సర్దుకుంటుంది అని ఆశపడ్డాను. మామ రేడియో ఆపలేదు, కారు ఆపాడు. తాళం తీసి జేబులో వేసుకుని, "ఇగ నడపను బిడ్డా, ఇంజిన్ పోతె నేను రోడ్డు మీద పడ్డట్టే" అన్నాడు. టైము పది. భద్రాచలం ఇంకా ఇరవై కిలోమీటర్ల పైనే ఉంది. వచ్చిన రెండు బస్సులూ తలుపుల దాకా భక్తులతో నిండి, చెయ్యెత్తినా ఆగకుండా పోయాయి. అక్క ఫైలుతో ముఖానికి నీడ పట్టుకుని, "పోతె పోనియ్యి మామా, ఏ ఊరైతె ఏంది, పాపను అత్తమ్మ చూసుకుంటది" అంది. అలా అని తల అటు తిప్పుకుంది. నాకు దుఃఖం వచ్చింది. అబద్ధం చెబుతున్న ఆ ఎర్ర దీపం కంటే నేనే పెద్ద దొంగనని తెలిసిపోయింది.

"మామా, ఆయిల్ మంచిగనే ఉంది. నేను వైరు తప్పు కలిపిన" అన్నాను.

మామ తిడతాడనుకున్నాను. ఆయన దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "అక్క కోసం అబద్ధమాడుతున్నవని నాకు ఎరుకే అల్లుడా. నువ్వు చేసిన పని తప్పైతదా" అన్నాడు. (నా జీవితంలో నేను చెప్పిన అతి కష్టమైన నిజాన్ని ఎవరూ నమ్మకపోవడం అదే మొదలు.) నేను పని రానివాణ్ణని పావుగంట సేపు వాదించాను. టెస్టర్ వెలగలేదని చెప్పాను. గీరిన వైర్ల లెక్క చెప్పాను. మామ ఒక్కోదానికీ నన్ను వెనకేసుకొచ్చాడు. చివరికి అక్కే, "ఒక్కసారి వాని మాట ఇను మామా" అంది. మామ జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. "నా చేతుల్తోని ఐతె తిప్పను. నువ్వే తిప్పు" అన్నాడు.

ఇంజిన్ స్టార్టయింది. దీపం వెలిగింది. పాట పెంచాను, దీపం పెరిగింది. తగ్గించాను, తగ్గింది. రేడియో ఆపేశాను, దీపం ఆరిపోయింది. మామ కిటికీలోంచి తల లోపలికి పెట్టి చూశాడు. తర్వాత తనే చెయ్యి పెట్టి రేడియో వేసి, ఆపి, వేసి, ఆపాడు. ఆయన ముఖంలో కోపం వెతికాను. ఇంజిన్ బాగుందన్న సంతోషంలో కోపానికి చోటు దొరకలేదో ఏమో, చిన్నపిల్లాడిలా మళ్లీ వేయబోయాడు. "టైమైతాంది మామా" అంది అక్క. నేను కిందికి దూరి ఆ వైరు లాగేసి, గీరిన చోటల్లా టేపు చుట్టాను. ఆ తర్వాత మామ బండి నడిపిన తీరు గురించి చెప్పను, ఇప్పుడు తలుచుకున్నా కాళ్లు బ్రేకు కోసం వెతుక్కుంటాయి. గోదావరి బ్రిడ్జి ఎప్పుడు దాటామో కూడా నేను చూడలేదు.

వెళ్లేసరికి పిలవడం మొదలైంది. అక్కకు ముందు ఇంకా నలుగురున్నారు. అరగంట తర్వాత ఆమె కాగితం పట్టుకుని బయటికి వచ్చి, "బూర్గంపాడే" అంది. అని, అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. మామ తుండుతో ముఖం తుడుచుకుంటున్నట్టు చాలాసేపు తుండులోనే ఉండిపోయాడు.

పొద్దుటి నుంచి అక్కడే పాపను ఎత్తుకుని ఎదురుచూస్తున్న మా బావ అప్పుడు అడిగాడు, "గింత ఆలస్యమైందేంది మామా" అని. నేను నేల చూపులు చూశాను. మామ తడుముకోకుండా, "రోడ్డు మంచిగ లేదు అల్లుడుగారూ, పాల్వంచ కాడికెల్లి అన్నీ గుంతలే" అన్నాడు. ఆ రోడ్డుకు తారు వేసి నెల కూడా కాలేదు. బావ ముందటి వారమే ఆ దారిన ఖమ్మం వచ్చి వెళ్లాడు. ఆయన మామను చూశాడు, నన్ను చూశాడు, నా వేలికి ఇంకా అంటుకుని ఉన్న నల్ల టేపు ముక్కను చూశాడు. పాపను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, "అవ్ మామా, శానా గుంతలున్నయ్" అన్నాడు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. పదిమందికి పని నేర్పే స్థితిలో ఉన్నాను, ఏ వైరు ఎక్కడికి పోతుందో చూడకుండా చెయ్యి పెట్టను. అయినా ఆ దారిన వెళ్లినప్పుడల్లా నవ్వొస్తుంది. ఏమీ రాని ఆ ఇరవై ఏళ్ల కుర్రాడి పరువు కోసం, ఇద్దరు పెద్దమనుషులు అంత నున్నటి కొత్త రోడ్డు నిండా గుంతలు తవ్వారు.