బర్నరమ్మ పొయ్యి

ముప్పై ఒక్క ఏళ్లు ఒక బడిలో సైన్సు ల్యాబును కంటికి రెప్పలా చూసుకున్న మనిషి ఆమె. రోజూ బర్నర్లు తుడిచి, గ్యాస్ గొట్టాల అతుకులకు సబ్బునీళ్లు రాసి, బుడగలు లేవకపోతేనే అగ్గిపుల్ల గీసేది. బర్నరమ్మ అన్నది పిల్లలు పెట్టిన పేరు. మొదట్లో ఆ పేరు వింటే వెంటపడి తరిమేది. పోనుపోను అలా పిలిస్తేనే పలికేది.

రిటైరైన నెలకే వీపుసంచి కొనుక్కుని కొండలు పట్టింది. కూతురు ఒంటికాలి మీద లేచింది.

"మోకాళ్లు అరిగాక నీకీ షికార్లేంటమ్మా? హాయిగా ఇంట్లో కూర్చోలేవా?"

"ముప్పై ఒక్క ఏళ్లు నిలబడ్డానే. ఇప్పుడు కూర్చోమంటే ఎలా కూర్చుంటాను?"

పోట్లాడి పోట్లాడి కూతురు ఒక షరతు పెట్టింది. ఈసారి ఎవరికైనా భారమైందని తెలిసిందా, సంచి అటకెక్కాల్సిందే. ఆ సంగతి తేల్చుకోవడానికి కొండ ఎక్కించే లీడరు నంబరు రాసుకుని, అతనికీ ముందే చెప్పి ఉంచింది.

లీడరు కుర్రాడు చెడ్డవాడేం కాదు, కాకపోతే తన మాటే చెల్లాలనే రకం. మొదటిరోజే బర్నరమ్మ సంచిలోని పొయ్యిని చూసి నవ్వాడు. నవ్వడూ మరి! పిడికిట్లో ఇమిడే బర్నరు, మడిచిపెట్టుకునే మూడు రెక్కలు. చిన్న గ్యాస్ డబ్బా నెత్తిన మర బిగిస్తే అదే పొయ్యి.

"బొమ్మలాటకి తెచ్చారా అమ్మా? ఎనిమిది మందికీ నా పొయ్యే. అది బయటికి తీయకండి."

రెండోరోజు మధ్యాహ్నం వాలు మీద గాలి విరుచుకుపడింది. మంట ఆరిపోతోందని లీడరు తన పొయ్యి చుట్టూ డబ్బాతో సహా రేకు చుట్టేశాడు. మంట నిటారుగా లేచింది. అందరూ భేష్ అన్నారు. బర్నరమ్మ మాత్రం రేకు కిందుగా చెయ్యి పోనిచ్చి డబ్బాను తాకి, ఎవర్నీ అడక్కుండా గ్యాస్ కట్టేసింది. నూడుల్స్ సగంలో ఆగిపోయాయి.

"ఎవరు కట్టమన్నారు మిమ్మల్ని?"

"డబ్బా మీద చెయ్యి పెట్టి చూడు బాబూ. ఆ తర్వాత తిట్టు."

పెట్టాడు. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. ఇంకాసేపు ఆ వేడి తగిలితే డబ్బా పేలేదే. రేకు తీసేసి, గాలి వచ్చే వైపు ఎడంగా రాళ్లు పేర్చి వండుకున్నారు. కానీ అందరి ముందూ తన తప్పు బయటపడడం అతనికి మింగుడు పడలేదు. చేతులు కడుక్కుంటూ అనేశాడు.

"పొయ్యి సంగతి వేరు, నడక సంగతి వేరు. పొద్దున రెండుసార్లు వెనకబడ్డారు. రేపు పైకి రావద్దు, గుడారాల దగ్గరే ఉండండి. మీ అమ్మాయి అడిగితే నేనేం చెప్పాలి?"

అటకెక్కిన సంచి ఆమె కళ్ల ముందు కనబడింది. అయినా తల దించలేదు.

"వెనకబడ్డాను, నిజమే. ఎవరిచేతైనా సంచి మోయించానా?"

అతను వినిపించుకోనట్టు వెళ్లిపోయాడు.

చలికి డబ్బా చల్లబడితే గ్యాస్ సరిగ్గా రాదని ఆమెకు తెలుసు. అందుకే ఆ రాత్రి తన డబ్బాను పసిపాపలా పక్కలో పెట్టుకుని పడుకుంది. తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంది. లీడరు డబ్బా బయటే పడి ఉంది. అతను ఎంత తిప్పినా మంట అగ్గిపుల్లంత కూడా లేవలేదు. ఎండ కోసం ఆగితే ప్రయాణం ఆలస్యమవుతుంది. బర్నరమ్మ తన పొయ్యి బిగించి, అతుకుకు సబ్బునీళ్లు రాసి, బుడగల్లేవని చూసుకుని వెలిగించింది. మూడు వాయిల్లో ఎనిమిది కప్పుల టీ అయింది. అందరూ ఊదుకుంటూ తాగారు.

లీడరు కప్పు దించి, కాస్త మెత్తబడ్డ గొంతుతో అన్నాడు.

"అమ్మా, పైన సూపు కాచుకోవాలి. మీ పొయ్యి మాకిచ్చి మీరిక్కడ రెస్టు తీసుకోండి."

బర్నరమ్మకు ఒళ్లు మండింది. పొయ్యి చల్లారేదాకా ఆగి, మర విప్పి, చేతిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది. సంచి భుజాలకు తగిలించుకుంది.

"పొయ్యి నా సంచిలో ఉంటుంది. సంచి నా వీపు మీదుంటుంది. సూపు కావాలంటే నా నడకతోనే పైకి రావాలి."

లీడరు తన సంచి ఎత్తుకున్నాడు. "మరి మీ అమ్మాయి ఫోన్ చేస్తే?"

"చెయ్యనీ. మీ అమ్మ మా సూపు మోసుకొచ్చిందని చెప్పు."

ఆమె ముందు నడిచింది. ఆ రోజు ఆమెను దాటిపోవాలని ఎవరూ తొందరపడలేదు.