బొట్టు నిలవని ముఖం

పిల్లలూ, ఒక మధ్యాహ్నం రాయగడ స్టేషన్ వెయిటింగ్ రూములో, నాకన్నా చిన్నావిడ ఒకామె నా కనుబొమ్మ మీది మచ్చనే చూస్తూ కూర్చుంది. కాసేపటికి సంచిలోంచి అద్దం కట్టిన ఫొటో తీసి నా ఒళ్లో పెట్టింది.

నా చిన్నప్పుడు మున్సిపాలిటీ లైను ఇళ్ల వాళ్లమంతా కలిసి దిగిన ఫొటో అది. పోయినవాళ్ల ఫొటోకి బొట్టు పెడతాం కదా, అందులో అందరి నుదుటి మీదా అద్దంపై కుంకుమ బొట్టు ఉంది. ముందు వరసలో మచ్చ ఉన్న పిల్లకి మాత్రం లేదు. ఆ పిల్లని నేనే.

"మీరు పోయేరని ఎవరో సెప్తే మా అమ్మ మీకూ బొట్టెట్టీసింది, అప్పా," అంది, అక్కని పిలిచినట్టు. "తెల్లారేసరికి లేదు. మళ్లీ ఎట్టింది, మళ్లీ లేదు. అప్పుడు, 'ఈ గుంట బతికే ఉందే అమ్మీ, ఎతుకు' అంది."

"ఎతికి ఏటి సేస్తావమ్మా?" అన్నాను, నవ్వబోయి.

"ఇందులో ఉన్న మా అమ్మకీ బొట్టెట్టీసేను. ఈళ్ల పేర్లు ఆవిడతోటే పోయేయి. ఇంక తెలిసినోళ్లు మీరొక్కరే. మీ కాడే ఉంచండి."

ఇంతలో రైలొచ్చింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

ఆ ఫొటో ఇప్పుడు మన గోడ మీదే ఉంది. బొట్లు చెరగకుండా రోజూ తుడుస్తాను. ఈమధ్య ఎంత తుడిచినా ఆ పిల్ల నుదుటి మీద ఎరుపు పోవడం లేదు.

ఏ ముఖం ఎవరిదో ఫోనులో చెబితే కుదరదు, వేలు పెట్టి చూపించాలి. ఈ సెలవులకే రండి, నాన్నా.