కోడలి నిద్రకు మూడు కొటేషన్లు

మూడు కొటేషన్లంటే నిజంగా మూడు దుకాణాలవే అయి ఉండాలని పట్టుబట్టే మనిషిని నేను. యూనివర్సిటీ ఆఫీసులో ఒక సెక్షన్‌కు సూపరింటెండెంట్‌ని. కుర్చీలు కొనాలన్నా, ఫ్యాన్లు బిగించాలన్నా మూడు చోట్ల నుంచి ధరల కాగితాలు రావాలి, అందులో తక్కువ చెప్పినవాడికి పని ఇవ్వాలి. రూలు ఉన్నచోట ఉపాయం కూడా ఉంటుంది. పని కావాలనుకున్న వ్యాపారి తన కాగితంతో పాటు మరో ఇద్దరి పేర్ల మీద ఎక్కువ ధరలు వేయించి ఆ రెండూ తనే పట్టుకొస్తాడు. వాటికి నేను పెట్టిన పేరు తోడుపెళ్లికొడుకులు. పెళ్లికొడుకు పక్కన ముస్తాబై కూర్చుంటాడు కానీ తాళి కట్టేది వాడు కాదు కదా. అలాంటి కవరు నా టేబుల్ మీదికి వస్తే విప్పి చూసి, "పెళ్లికొడుకును ఉండనియ్యి, మిగిలిన ఇద్దరిని తీస్కపో" అని తిరిగి ఇచ్చేస్తాను. నా వెనుక నన్ను ఏమని పిలుస్తారో నాకు తెలుసు. తెలిసే గర్వపడతాను.

తార్నాకలో మా ఇల్లు మెయిన్ రోడ్డు మీద, రెండో అంతస్తు. కొన్నప్పుడు మెట్లు దిగితే బస్సు అని మురిసిపోయాం. ఆ బస్సు ఇప్పుడు ఏకంగా ఇంట్లోకే వస్తున్నట్టుంటుంది. బస్సు వెనక ఆటోలు, ఆటోల వెనక మైకు పెట్టుకుని ఉల్లిగడ్డలమ్మే బండి. నాకూ మా ఆయనకూ అలవాటైపోయింది. మా అబ్బాయి సంగతి చెప్పనే అక్కర్లేదు, బ్యాండుమేళం పక్కన పడుకోబెట్టినా గుర్రు పెడతాడు. కష్టమంతా మా కోడలికి వచ్చింది.

కోడలు ఐసీయూలో నర్సు. సిద్దిపేట వైపు రైతుల ఇంటి పిల్ల. చుట్టాల ఫంక్షన్‌లో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే మేమంతా నీళ్లు నీళ్లు అని అరుస్తూ ఉంటాం, ఆమె అప్పటికే పక్కన కూర్చుని నాడి చూస్తూ ఉంటుంది. అట్లాంటి పిల్ల మా ఇంటికి వచ్చిందని నేను చెప్పుకోని మనిషి మా ఆఫీసులో లేరు. ఆమెకు రాత్రి డ్యూటీలు. పొద్దున వచ్చి రెండు ఇడ్లీలు తిని తలుపేసుకునేది. చెవుల్లో దూది, కళ్లకు చున్నీ. మధ్యాహ్నం కాకముందే ఎర్రటి కళ్లతో బయటికి వచ్చేదని, రిటైరై ఇంట్లోనే ఉండే మా ఆయన చెప్పేవారు. నిద్ర పట్టిందా అని సాయంత్రం నేనడిగితే "పట్టింది అత్తమ్మా" అనేది. ఎంత మర్యాదగా అబద్ధమాడినా కళ్లు ఒప్పుకోవు కదా.

ఒకరోజు ఆసుపత్రి నుంచి ఇంటికి పోకుండా తిన్నగా నా ఆఫీసుకు వచ్చింది. "అత్తమ్మా, గీడ జరసేపు పండుకుంటా" అంది. క్యాంపస్‌లో మా బిల్డింగ్ రోడ్డుకు దూరం, చుట్టూ చెట్లు. లోపల పాత ఫైళ్ల గది ఒకటుంది. అక్కడి బల్ల మీద నా శాలువా పరిచాను. తలకింద ఏం పెడదామా అని నేను వెతికేలోపే ఒక ఫైళ్ల కట్ట లాక్కుని నిద్రపోయింది. తలుపు దగ్గరికి వేసి, "లోపల వెరిఫికేషన్ నడుస్తున్నది, ఎవ్వరు పోవద్దు" అని అటెండర్‌తో చెప్పాను. నా సర్వీసులో ఆఫీసు పేరు చెప్పి ఆడిన అబద్ధం అదొక్కటే. దానికి నాకు ఏ బాధా లేదు.

లేచాక టీ తెప్పించాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పింది.

"రాత్రి పేషెంట్‌కు మందు ఎక్కిస్తుంటే చేతులు వణికినయ్ అత్తమ్మా. మల్ల ఒకసారి చూసుకున్న కాబట్టి సరిపోయింది. డే డ్యూటీ ఇప్పట్ల రాదట. నాకు భయమైతున్నది. జాబ్ మానేస్తా."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆమె మీద కాదు. ఊపిరి ఆడని మనుషులను రాత్రంతా కాపాడి వచ్చే పిల్ల, పడుకోవడానికి చోటు లేక మా పాత ఫైళ్ల మీద తల పెట్టుకుంది. "హారన్లకు ఓడిపోయి ఉద్యోగం ఇడిచిపెడతవా? నేనుండంగ?" అన్నాను. ఏం చేస్తానో అప్పటికి నాకే తెలియదు. రెండద్దాల కిటికీలు పెట్టిస్తే చప్పుడు చాలావరకు ఆగుతుందని ఆ సాయంత్రం పక్క సెక్షన్ ఆవిడ చెప్పింది. రెండు అద్దాలు, మధ్యలో గాలి చొరకుండా మూసేసిన సందు. కోడలి గదికి పెద్ద కిటికీలు రెండు. సరే, కొటేషన్లు తీసుకోవడం మనకు కొత్తా అనుకున్నాను.

మొదట ఒక పెద్ద షోరూమ్ నుంచి టై కట్టుకుని, ట్యాబ్ పట్టుకుని ఒకతను వచ్చాడు. కిటికీలకంటే ముందు మా సోఫానూ టీవీనీ కళ్లతో కొలిచాడు. "సార్ కూడా ఉంటే బాగుంటుంది మేడం, ఇద్దరికీ ఒకేసారి ఎక్స్‌ప్లెయిన్ చేస్తాను" అన్నాడు. కిటికీ తెరవడానికి ఇద్దరు కావాలా అని అడిగాను. అతను చెప్పిన ధర వింటే కిటికీలు కాదు, ఇంకో గదే కట్టుకోవచ్చనిపించింది. నేనేమీ అనలేదు. బేరంలో ముందు నోరు తెరిచినవాళ్లే ఓడిపోతారని మా అమ్మ చెప్పేది. అతను మేనేజర్‌కు ఫోన్ చేశాడు, ధర కొంత దిగింది. నేను మళ్లీ ఏమీ అనలేదు. మళ్లీ ఫోను, మళ్లీ దిగింది. చివరికి సగానికి వచ్చి, "ఈ రేటు ఈ ఒక్కరోజే మేడం, రేపు ఇవ్వలేం" అన్నాడు.

"నేను నోరు తెరవకముందే సగం దిగింది. ఆ మొదటి సగం ఎవరికోసం పెట్టినవ్ బాబూ?" అన్నాను. అతను టీ తాగేసి వెళ్లిపోయాడు.

రెండో ఆయనది అంబర్‌పేట్‌లో వర్క్‌షాపు. మా వయసువాడే. టేపుతో అడ్డం, నిలువు, మూలలు అన్నీ కొలుచుకుని వెళ్లాడు. నేను ఎక్కడ పనిచేస్తానో మా ఆయన మాటల్లో చెప్పేశారు. మర్నాడు అతను ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. విప్పితే మూడు కాగితాలు! మూడు దుకాణాల పేర్లు, మడత మాత్రం ఒకటే, సిరా ఒకటే. నా ఇంట్లో, నా చేతికే తోడుపెళ్లికొడుకులు.

"ఏందన్నా ఇది?"

"ఆఫీసు మేడం కదా, మూడు అడుగుతరని నేనే తెచ్చిన. మీకు తిరిగే తక్లీఫ్ ఎందుకని."

"ఇది నా ఇల్లు, నా పైసలు. ఈ రెండు నేనెవరికి చూపియ్యాలె?"

"సార్‌కు చూపియ్యండి మేడం. శానమంది మేడంలు ఇట్లనే అడుగుతరు. ఇంట్ల సార్లు ఒప్పుకోవాలె కదా."

వంటింటి గుమ్మంలో మా ఆయన దగ్గారు. ఉతికి ఆరేద్దామనుకున్నదాన్ని కాస్తా నవ్వేశాను. ఆ రెండు కాగితాలు తిరిగి ఇచ్చేసి ఒకటి ఉంచుకున్నాను, అతని మీద నమ్మకం మాత్రం ఏమీ లేదు.

మూడో అతనిది గోల్నాక. ఇంటికి రాకుండా ఫోన్‌లోనే ధర చెప్పేశాడు, పిల్లను చూడకుండానే ముహూర్తం పెట్టినట్టు. అదే అన్నిటికంటే తక్కువ. ఆరా తీస్తే అది ఉత్త కిటికీల ధర. పాతవి పీకడం వేరు, గోడ సందులు పూడ్చడం వేరు, దోమల జాలీ వేరు. షోరూమ్ వాడి ధరలో మాకు అక్కర్లేని హంగులు కూడా ఉన్నాయి. ముగ్గురూ మూడు వేర్వేరు వస్తువులకు ధర చెబితే ఏది ఎక్కువో ఏది తక్కువో ఎట్లా తేలుతుంది? ఆఫీసులో చేసినట్టే చేశాను. మాకేం కావాలో తెల్లకాగితం మీద రాశాను. అద్దాల మందం, మధ్య సందు, జాలీ, పాతవి తీసి కొత్తవి పెట్టి గోడ బాగుచేసి మట్టి ఎత్తిపోసేదాకా అంతా కలిపి ధర చెప్పమన్నాను. ముగ్గురికీ అదే కాగితం. అప్పుడు చూడాలి, షోరూమ్ దిగివచ్చింది, గోల్నాక పైకి పాకింది, అంబర్‌పేట్ మధ్యలో కొంచెం కదిలింది. మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాను. అంత అందమైన మూడు కొటేషన్లు నా టేబుల్ మీదికి కూడా ఎప్పుడూ రాలేదు.

"ఇంకేంది, గోల్నాక తక్కువ. ఇచ్చెయ్" అన్నారు మా ఆయన.

రూలు ప్రకారం అంతే. కానీ నాకు చెయ్యి రాలేదు. ఆఫీసు ఫ్యాను సరిగ్గా తిరగకపోతే ఫైలు మీద ఒక నోటు పెడతాం. ఈ కిటికీలు పనిచేయకపోతే పిల్ల ఉద్యోగం పోతుంది. చప్పుడు ఆగుతుందని ముగ్గురూ చెప్పారు, ఆగడం మాత్రం నేను వినలేదు. కాగితాలన్నీ కుదిరాక కూడా మనవాళ్లు వెళ్లి ఇల్లు చూసి వస్తేగానీ పిల్లనివ్వరు. అందుకే ముగ్గురినీ అదే అడిగాను, మీరు పెట్టిన కిటికీ ఉన్న ఇంటికి తీసుకెళ్లండి, కాసేపు కూర్చుంటాం అని.

షోరూమ్ అతను ట్యాబ్‌లో ఫోటోలు చూపించాడు. ఫోటోలో హారన్ ఎట్లా వినపడుతుందని పంపించేశాను. గోల్నాక అతను ఒక సందులోకి తీసుకెళ్లాడు. ఇల్లు నిజంగానే నిశ్శబ్దంగా ఉంది. కిటికీ తెరవమన్నాను. తెరిచినా అంతే నిశ్శబ్దం. ఆ సందులో పిల్లి తప్ప ఏమీ తిరగదు.

అంబర్‌పేట్ ఆయన నల్లకుంటలో మెయిన్ రోడ్డు మీద, టిఫిన్ సెంటర్ పైన ఉన్న ఇంటికి తీసుకెళ్లాడు. రిటైరైన టీచరమ్మ ఇల్లు. కోడలు డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చింది. "రండమ్మా, కూర్చోండి, కాఫీ తెస్తాను" అని ఆవిడ లోపలికి వెళ్లింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద బస్సు, దాని ముందు అడ్డంగా ఆటో. డ్రైవర్ చెయ్యి హారన్ మీద అదిమిపెట్టి ఉండడం కనిపిస్తోంది. చప్పుడు మాత్రం ఎక్కడో పక్కవీధిలోదానిలా సన్నగా వచ్చింది.

"ఇన్నవా?" అంటూ వెనక్కి తిరిగాను. వినడానికి ఆమె లేదు. సోఫా మూలలో, ఒళ్లో బ్యాగుతో, తల గోడకు ఆనించి నిద్రపోయింది.

కాఫీ ట్రేతో వచ్చిన టీచరమ్మ గుమ్మంలోనే ఆగింది. చప్పుడు కాకుండా ట్రే కింద పెట్టింది. లేపబోతే నా చెయ్యి పట్టుకుంది. "వద్దండి, పడుకోనివ్వండి. మీ అమ్మాయా?"

"కోడలండి. ఐసీయూలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసొచ్చింది" అన్నాను. రహస్యంలా చెబుదామనుకున్నాను, గొంతు దానంతట అదే లేచింది. ఆవిడ వేలు పెదాల మీద పెట్టి నన్ను ఊరుకోమంది. కాఫీ చల్లారిపోతుందని కోడలి వంతు కూడా నేనే తాగాను.

వర్క్‌షాపు ఆయన గుమ్మం దగ్గర నిలబడి అంతా చూస్తూనే ఉన్నాడు. చూసి కూడా ధర పెంచలేదు, అది అతని మంచితనం. చూసి కూడా నేను బేరం మానలేదు, అది నా స్వభావం. "తోడుపెళ్లికొడుకుల ఖర్చు తీసేసి చెప్పన్నా" అంటే, "గవి ఫ్రీ మేడం" అని నవ్వి కొంత తగ్గించాడు. హారన్‌కు పిల్ల లేస్తే వచ్చి సరిచేయాలని రాసివ్వమన్నాను.

"నా కిటికీ ఉన్న ఇంట్ల, ముక్కు మొకం తెల్వనోళ్ల సోఫాల పండుకున్నది మేడం. ఇంకేం గ్యారంటీ కావాలె?" అన్నాడు. అయినా రాసిచ్చాడు.

తక్కువదానికే ఇవ్వాలన్న రూలును అట్లా మొదటిసారి పక్కన పెట్టాను. ఆడిట్‌వాళ్లు అడిగితే ఏం చెబుతావని మా ఆయన ఆటపట్టించారు. "కోడలు నిద్రపోయిందని రాస్తా" అన్నాను.

కిటికీలు పెట్టిన మొదటిరోజు ఆమె ఉలిక్కిపడి లేచి బయటికి వచ్చిందట, చెవులు పనిచేయట్లేదేమోనని. మా ఆయన కిటికీ తెరిచి రోడ్డు వినిపించాక మళ్లీ వెళ్లి పడుకుందట. ఉద్యోగం మానేసే మాట మళ్లీ ఎత్తలేదు. ఒకరోజు అన్నం తింటూ తనే చెప్పింది, "చేతులు వణుకుతలేవు అత్తమ్మా" అని. నాకు ఏడుపొచ్చింది. పచ్చడి కారం మీదికి నెట్టేశాను.

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి నా బ్యాగులో తాళంచెవి లేదు. మా ఆయన క్యాంపస్‌లో వాకింగ్‌కు వెళ్లారు, ఫోను ఇంట్లో వదిలేసి. బెల్లు ఒకసారి కొట్టాను. తలుపు తెరుచుకోలేదు. రెండోసారి కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కూరగాయల సంచి పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను.

పై అంతస్తు ఆవిడ దిగుతూ నన్ను చూసి ఆగింది. మా అత్తాకోడళ్ల మధ్య ఏదో ఒకటి ఎప్పుడు రాజుకుంటుందా అని ఆమె ఎదురుచూపు.

"అయ్యో వదినా, బయట కూసున్నవేంది? కోడలు తలుపు తీస్తలేదా?" అంటూ బెల్లు మీదికి చెయ్యి చాపింది. లేచి ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"తియ్యది," అన్నాను, తల ఎత్తుకుని. "పండుకున్నది. బెల్లు కొట్టినవంటే ఊకోను."

ఆమె నన్ను వింతగా చూసి దిగిపోయింది. కింద రోడ్డు మీద బస్సు హారన్ మోగింది, వెనకే ఆటోలు అందుకున్నాయి. నేను సంచిలోంచి చిక్కుడుకాయలు ఒళ్లోకి తీసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టాను. లోపల గడియ చప్పుడయ్యేసరికి కాయలన్నీ అయిపోయాయి.